ఇంధన కంపెనీల విలీనం: బంకులు లెక్కపెడితే సరిపోతుందా?

మైలురాయి

అందరికీ నమస్కారం. చాలాకాలంగా తొలుస్తున్న సందేహం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

రెండు ఇంధన కంపెనీలు కలుస్తున్నాయని వార్త వస్తే వాదనలు ఎప్పుడూ ఒకటే. కలిస్తే ఖర్చు తగ్గుతుంది, ఆ లాభం కొనేవారికి అందుతుంది అని కంపెనీలు చెబుతాయి. ధరలు పెరుగుతాయి, ఉద్యోగాలు పోతాయి అని కార్మిక సంఘాలు, డీలర్లు అంటారు. పోటీ నియంత్రణ సంస్థ నెలల తరబడి ఫైళ్లు చూసి, "ఇన్ని బంకులు అమ్మేసి కలవండి" అని తేలుస్తుంది.

ఎక్సాన్, మొబిల్ 1999లో కలిసినప్పుడు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2,431 బంకులు వదులుకోమంది. 1911లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో స్టాండర్డ్ ఆయిల్ 34 కంపెనీలుగా విడిపోయింది కదా, ఈ రెండూ ఆ 34లోనివే. ఒకప్పుడు విడగొట్టినవాటిని మళ్లీ కలవనిచ్చారంటే ఏం చూసి ఇచ్చారు? 2,431 అనే అంకె ఎలా తేలింది? ఇందులో ప్రజాప్రయోజనం అనే మాటకు చోటు ఎక్కడ? తెలిసినవారు వివరంగా చెప్పండి.

---

లెక్కల మాస్టారు

అంకె ఎలా తేలుతుందో నేను చెబుతాను. ప్రజాప్రయోజనం సంగతి మరొకరు అందుకోండి.

ఇంధనం అమ్మకంలో దేశమంతా కలిపి ఒకే మార్కెట్ అనుకోవడం తప్పు. ట్యాంకు ఖాళీ అవుతున్న మనిషి రెండు వందల కిలోమీటర్ల అవతల ధర తక్కువని అక్కడికి వెళ్లడు. కాబట్టి ప్రతి బంకు చుట్టూ కొన్ని నిమిషాల ప్రయాణ దూరాన్ని గిరి గీసి, ఆ గిరిలో ఎవరెవరు ఉన్నారో చూస్తారు. ఇలా వందల గిరులు గీసి, విలీనంతో పోటీ పలచబడే చోట్లను ఏరితే అమ్మాల్సిన బంకుల జాబితా వస్తుంది. అందుకే అది గుండ్రటి అంకె కాదు.

పోటీ పలచబడటాన్ని కొలిచే పద్ధతి చాలా సులువు. ఒక గిరిలో నాలుగు కంపెనీల వాటాలు 30, 30, 20, 20 శాతం అనుకుందాం. ఒక్కో వాటాను వర్గం చేసి కూడితే 900, 900, 400, 400, మొత్తం 2,600. ఈ మొత్తాన్నే సూచిక అంటారు. చిన్నవి రెండూ కలిస్తే 40 శాతం, దాని వర్గం 1,600. మొత్తం 3,400 అవుతుంది. అంటే 800 పెరిగింది. అమెరికా 2023లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం విలీనం తర్వాత సూచిక 1,800 దాటి, పెరుగుదల 100 మించితే అది పోటీకి హాని చేసేదేనన్న అనుమానంతోనే పరిశీలన మొదలవుతుంది. కాదని చూపించే భారం కంపెనీలది. అంతకుముందు 2010 మార్గదర్శకాల్లో ఈ హద్దులు 2,500, 200గా ఉండేవి.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. జనం ఇంటి పక్కనే పోయించుకుంటారని లేదు, పనికి వెళ్లే దారిలో పోయించుకుంటారు. అందుకని గిరి గీయడంలోనే సగం వాదన జరుగుతుంది. గిరిని కాస్త పెద్దది చేస్తే ప్రమాదకరమైన విలీనం కూడా నిరపాయంగా కనిపిస్తుంది. కంపెనీల తరఫు ఆర్థికవేత్తలు ఎక్కువ సమయం వెచ్చించేది దీని మీదే.

---

గ్యాంట్రీ

మాస్టారూ, మీ లెక్క సరైనదే. కానీ అది రోడ్డు మీద కనిపించే లెక్క. ఇంధనం నిల్వచేసి ట్యాంకర్లకు నింపే టెర్మినల్‌లో పాతికేళ్లు లోడింగ్ పని చూసినవాణ్ణి, అక్కడ చూసింది చెబుతాను.

తెల్లవారుజామున లోడింగ్ జరిగే గ్యాంట్రీ కింద ట్యాంకర్లు వరుసగా నిలబడతాయి. మొదటిదాని మీద ఒక కంపెనీ రంగు, వెనకదాని మీద మరో కంపెనీ రంగు. డ్రైవరు దిగి ఎర్త్ తీగ తగిలిస్తాడు, కార్డు పెడతాడు, లోడింగ్ ఆర్మ్ కలుపుతాడు. రెండు బండ్లలోకీ పెట్రోలు వచ్చేది ఒకే పెద్ద ట్యాంకు నుంచి. తేడా అంతా పక్కనున్న చిన్న గొట్టంలో ఉంటుంది. ఏ కంపెనీ బండి అయితే ఆ కంపెనీ కోరిన రసాయనాన్ని అది చుక్కల లెక్కన కలుపుతుంది. గేటు దాటేసరికి రెండు వేర్వేరు బ్రాండ్లు తయారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, రోడ్డు మీద ఆరు కంపెనీల బోర్డులు కనిపించినా వెనకాల ట్యాంకు ఒకటే ఉండవచ్చు. ఆ ట్యాంకు, దానికి వచ్చే పైపులైను, ఓడ ఆగే జెట్టీ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లే అసలు యజమానులు. బంకులు వెయ్యి అమ్మించినా టెర్మినల్ కలిసిన కంపెనీ దగ్గరే ఉంటే, ఆ వెయ్యి బంకులు కొన్నవాడు రేపు సరుకు కోసం ఆ గేటు దగ్గరే నిలబడాలి. "ఈ వారం మా బండ్లకే సరిపోవడం లేదు" అని ఒక్క మాట చాలు, అతని వ్యాపారం ఆగిపోతుంది.

ఎక్సాన్–మొబిల్ ఒప్పందంలో అందరికీ 2,431 బంకులే గుర్తు. కాలిఫోర్నియాలో ఎక్సాన్‌కున్న బెనీషియా రిఫైనరీని కూడా అప్పుడే అమ్మించారు. దాన్ని వలేరో కొన్నది. బంకులకన్నా ఆ రిఫైనరీనే పెద్ద షరతు అని నేను నమ్ముతాను.

---

తూనికరాయి

గ్యాంట్రీ గారు చెప్పింది చదివాక మరో కోణం చేర్చాలనిపించింది. వాటాల లెక్కకు అందనిది ఒకటుంది, అది ఒక్కో కంపెనీ స్వభావం. ఒక ప్రాంతంలో అయిదుగురు అమ్మేవాళ్లుంటే అందులో ఒకడు మొండిగా ధర తగ్గిస్తూ ఉంటాడు. మిగతావాళ్లు ధర పెంచినా అతను వెంటనే పెంచడు. ఆ ఒక్కణ్ణి కొనేస్తే మిగిలిన నలుగురూ ఉన్నా లేనట్టే.

ఆస్ట్రేలియాలో ఇది స్పష్టంగా కనిపించింది. సూపర్‌మార్కెట్లు నడిపే వూల్‌వర్త్స్ బంకులను కొనాలని చమురు కంపెనీ బీపీ ప్రయత్నించింది. ధరలు ఒక్కసారిగా పెరిగే సమయాల్లో వూల్‌వర్త్స్ నెమ్మదిగా పెంచుతుందనీ, దాన్ని బీపీ కొంటే ఆ అడ్డు పోతుందనీ అక్కడి పోటీ కమిషన్ 2017 డిసెంబరులో అభ్యంతరం చెప్పింది. చివరికి బీపీ వెనక్కి తగ్గింది, ఆ బంకులు అప్పటిదాకా ఆ దేశంలో లేని ఈజీ (EG) గ్రూపు అనే బ్రిటన్ బంకుల కంపెనీకి వెళ్లాయి.

బ్రిటన్‌లో కథ ఇంకోలా నడిచింది. బంకులు కూడా నడిపే ఆస్డా సూపర్‌మార్కెట్లను ఈజీ గ్రూపు యజమానులు, ఒక పెట్టుబడి సంస్థ కలిసి 2021లో తీసుకున్నారు. అక్కడి పోటీ సంస్థ గిరులు గీసి, 36 చోట్ల సమస్య ఉందని, 27 బంకులు అమ్మిస్తే చాలని అంగీకరించింది. ఆస్డా ఏళ్ల తరబడి అందరికన్నా తక్కువకు అమ్ముతూ మిగతావాళ్లను కిందికి లాగేది. ఇంధనం మార్కెట్‌పై అదే సంస్థ 2023 జూలైలో ఇచ్చిన నివేదికలో తేలిందేమిటంటే, ఆస్డా 2023కు పెట్టుకున్న మార్జిన్ లక్ష్యం 2019 నాటిదానికి మూడు రెట్లకు పైగా ఉంది. సూపర్‌మార్కెట్ల సగటు మార్జిన్ 2019 నుంచి 2022 నాటికి లీటరుకు 6 పెన్నీలు పెరిగింది. దానివల్ల ఒక్క 2022లోనే వాహనదారులు దాదాపు 90 కోట్ల పౌండ్లు అదనంగా కట్టారని లెక్కకట్టారు.

27 బంకులు అమ్మించారు, స్వభావం మారకుండా ఆపలేకపోయారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే ఉదాహరణ.

---

లెక్కల మాస్టారు

తూనికరాయి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ మూడు రెట్లను పూర్తిగా విలీనం ఖాతాలో వేయలేం. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు ధరలు ఎగిరిపడ్డాయి. అలాంటి సమయంలో అమ్మేవాళ్లంతా మార్జిన్ పెంచుకుని, తర్వాత దించకుండా కూర్చోవడం కొత్త కాదు. ఆస్డా చేతులు మారకపోయినా కొంత పెరిగేదేమో. "విలీనం తర్వాత జరిగింది", "విలీనం వల్ల జరిగింది" వేర్వేరు.

---

తూనికరాయి

> "విలీనం తర్వాత జరిగింది", "విలీనం వల్ల జరిగింది" వేర్వేరు.

ఒప్పుకుంటాను. నేను వేసిన ముడి అవసరానికి మించి బిగిసింది. అయినా ఒకటి అడుగుతాను. తక్కువకు అమ్మేవాడు ఆ పని మానేసినప్పుడు మిగతావాళ్లు ముందుకొచ్చి ఎందుకు తగ్గించలేదు? ఈ సరుకుకు ఒక చిక్కు ఉంది. బంకు ముందున్న ఎత్తయిన ధరల బోర్డు కొనేవాళ్లకు ఎంత కనిపిస్తుందో, ఎదురు బంకువాడికీ అంతే కనిపిస్తుంది. నేను తగ్గిస్తే పది నిమిషాల్లో అతనూ తగ్గిస్తాడు, ఇద్దరికీ నష్టం. నేను పెంచి చూస్తే అతనూ పెంచుతాడు. ఫోను చేసుకోకుండానే, ఏ కాగితమూ రాసుకోకుండానే ఒప్పందం కుదురుతుంది. అమ్మేవాళ్లు తగ్గేకొద్దీ ఇది మరింత తేలిక. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2001 నుంచి చాలా ప్రాంతాల్లో ప్రతి బంకూ రేపటి ధరను ముందురోజు మధ్యాహ్నం రెండింటికల్లా ప్రభుత్వానికి తెలిపి, మర్నాడు ఉదయం ఆరు నుంచి 24 గంటలు దానికే కట్టుబడాలన్న నిబంధన ఉంది. ఎదుటివాడి బోర్డు చూసి గంటలో మార్చుకునే వీలుండదు.

---

బంకు డైరీ

చాలా రోజులుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. నేను డీలరును. నాకు సరుకు ఇచ్చే కంపెనీని మరో కంపెనీ కొన్నది. పేర్లు చెప్పను.

ఆమోదం ఇచ్చేటప్పుడు అధికారులు అమ్మాల్సిన బంకుల జాబితా చూశారు, ధరలు చూశారు, కంపెనీ ఉద్యోగుల సంఖ్య చూశారు. డీలర్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. విలీనమైన మొదటి ఏడాది ఏమీ మారలేదు. ఆ తర్వాత నా కాంట్రాక్టు పునరుద్ధరణకు వచ్చింది. పాతదాంట్లో అయిదేళ్లు ఉన్న గడువు రెండేళ్లయింది. రంగులు, బోర్డులు మార్చే ఖర్చు నాదన్నారు. కనీసం ఇంత సరుకు ఎత్తాలన్న పరిమితి పెంచారు. ఇదివరకు ఇలాంటి షరతు పెడితే "ఆ రెండో కంపెనీకి మారిపోతాను" అనేవాణ్ణి, మాట వినేవారు. ఇప్పుడు ఆ రెండో కంపెనీయే నా యజమాని.

అన్నిటికన్నా కష్టం ట్యాంకరు కోసం ఎదురుచూడటం. ఉదయం లేవగానే కర్ర ముంచి ట్యాంకులో మట్టం చూస్తాను. చివరి గుర్తుకు నాలుగు వేళ్ల మీద ఉందంటే మధ్యాహ్నంలోపు బండి రావాలి. ఇదివరకు వచ్చేది. ఇప్పుడు కంపెనీ సొంతంగా నడిపే బంకుకు ముందు వెళుతుంది, నాకు తర్వాత. పంపుల మీద గోనెసంచి కప్పిన రోజు వచ్చిన మనిషి మళ్లీ రావడం మానేస్తాడు. ఇది ఏ సూచికలో కనిపిస్తుందో మాస్టారు చెప్పాలి.

---

లెక్కల మాస్టారు

ఏ సూచికలోనూ కనిపించదండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇలాంటివి బయటపడేది డీలర్లను పిలిచి అడిగినప్పుడే.

---

ధర్మకాటా

పోటీ చట్టాలే నా వృత్తి. మైలురాయి గారి మూడో ప్రశ్న, అంటే ప్రజాప్రయోజనం, ఇంకా మిగిలే ఉంది కాబట్టి రాస్తున్నాను.

చాలా దేశాల్లో విలీన పరిశీలన అంటే పోటీ ఒక్కటే చూడటం. బ్రిటన్ ఎంటర్‌ప్రైజ్ చట్టంలో ప్రజాప్రయోజనం కింద మంత్రి జోక్యం చేసుకోగల అంశాలు లెక్కపెట్టి రాశారు: దేశ భద్రత (2022 జనవరి నుంచి ఇది వేరే చట్టంలోకి మారింది), వార్తా మాధ్యమాల బహుళత్వం, ఆర్థిక వ్యవస్థ స్థిరత్వం, 2020లో చేర్చిన ప్రజారోగ్య అత్యవసరం. ఉద్యోగాలు, చిన్న డీలర్లు ఆ జాబితాలో లేరు. ఐరోపా సమాఖ్య విలీన నిబంధనల్లోనూ సభ్యదేశాలకు దాదాపు అంతే వెసులుబాటు.

దీనికి భిన్నంగా నిలిచింది దక్షిణాఫ్రికా. అక్కడి 1998 చట్టంలో 12ఏ సెక్షన్ రెండు పరీక్షలు పెట్టింది. పోటీ పరీక్ష నెగ్గిన విలీనం కూడా ప్రజాప్రయోజన పరీక్షలో ఓడిపోవచ్చు. ఒక రంగం మీద లేదా ప్రాంతం మీద ప్రభావం, ఉద్యోగాలు, చిన్న సంస్థలూ చారిత్రకంగా అణచివేతకు గురైనవారి సంస్థలూ మార్కెట్‌లో నిలదొక్కుకునే అవకాశం, దేశీయ పరిశ్రమల అంతర్జాతీయ పోటీ సామర్థ్యం చూడాలి. 2018 సవరణతో యాజమాన్యం ఎక్కువమందికి అందేలా చూడటమూ చేరింది. ఇంధన రంగంలో ఇది మాటవరసకు కాదు. అక్కడ వాహనదారులు సొంతంగా పోసుకునే పద్ధతికి అనుమతి లేదు, కాబట్టి ప్రతి బంకులో మనుషులు పనిచేస్తారు. టోకు వ్యాపారం చేసే కంపెనీకి రిటైల్ లైసెన్సు సాధారణంగా ఇవ్వరు. కాబట్టి డీలర్ల జీవనం నేరుగా కేసులోకి వస్తుంది. బంకు డైరీ గారు అక్కడ ఉంటే ఆయన మాట రికార్డుకెక్కే వీలుండేది.

గ్యాంట్రీ గారి వాదనకు కూడా సరైన తీర్పు అక్కడే ఉంది. సాసోల్, ఎంజెన్ ఇంధన వ్యాపారాలను ఉహాంబో పేరుతో కలపాలనుకున్నాయి. 2006 ఫిబ్రవరిలో పోటీ ట్రిబ్యునల్ కుదరదని చెప్పింది. అక్కడ పెట్రోలు చిల్లర ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ధర ఎలాగూ పెంచలేరు కాబట్టి నష్టం ఎక్కడిది అని అడగవచ్చు. నష్టం బంకు దగ్గర కాదు, టోకులో. సాసోల్ ఇంధనం తయారుచేసేది సముద్రానికి దూరంగా, దేశం లోపల. మిగతా కంపెనీల రిఫైనరీలు ఎక్కువగా తీరంలో ఉండేవి. లోపలి ప్రాంతాల్లో అమ్మాలంటే వాళ్లు సాసోల్ దగ్గరే కొనాలి. సాసోల్‌కు తగినన్ని బంకులు లేవు కాబట్టి అమ్మక తప్పదు. ఎంజెన్ పెద్ద బంకుల వ్యవస్థ దాని చేతికొస్తే ఆ అవసరం తీరిపోతుంది. అప్పుడు "మీకు ఇవ్వను" అనే మాటకు బలం వస్తుంది. ట్రిబ్యునల్ భయం అదే.

తర్వాత అదే ఎంజెన్‌ను వివో ఎనర్జీ కొనడానికి 2023లో ఒప్పందం చేసుకుంది, 2024లో షరతులతో పూర్తయింది. కొన్నవాడి చేతిలో లోపలి సరఫరా లేదు కనుక ఫలితం వేరుగా వచ్చింది.

---

చమురుదీపం

ధర్మకాటా గారూ, ప్రజాప్రయోజనం అనే మాటను నేను అంత తేలికగా నమ్మలేను. దాన్ని ఎవరు నిర్వచిస్తారన్నదే అసలు ప్రశ్న. పోలండ్ సంగతి చూడండి.

ఓర్లెన్, లోటోస్ రెండూ ప్రభుత్వ ఆధీనంలోని కంపెనీలే. రెండూ కలిస్తే దేశానికి బలమైన ఇంధన సంస్థ ఏర్పడుతుందని అక్కడి ప్రభుత్వం చెప్పింది. రెండు పెద్ద రిఫైనరీలూ ఒకరి చేతిలోకి వెళ్తున్నాయి కనుక ఐరోపా కమిషన్ 2020 జూలైలో చాలా గట్టి షరతులు పెట్టింది. గ్దాన్స్క్‌లోని లోటోస్ రిఫైనరీలో 30 శాతం వాటా అమ్మాలి, కొన్నవారికి అక్కడ తయారయ్యే పెట్రోలు, డీజిల్‌లో దాదాపు సగం అందాలి. పోలండ్‌లోని లోటోస్ బంకుల్లో సుమారు 80 శాతం అమ్మాలి. తొమ్మిది నిల్వ డిపోలు అమ్మాలి. గ్యాంట్రీ గారు కోరినట్టు ట్యాంకుల దాకా వెళ్లిన షరతులివి.

మరి ఏమైంది? రిఫైనరీ వాటా సౌదీ ఆరామ్‌కోకు, బంకులు హంగేరీ కంపెనీ మోల్‌కు, డిపోలు యూనిమోట్‌కు వెళ్లాయి. 2022 ఆగస్టు 1న విలీనం పూర్తయింది. ఆ ఆస్తులను అసలు విలువకన్నా దాదాపు 500 కోట్ల జ్లోటీలు తక్కువకు అమ్మారని అక్కడి అత్యున్నత ఆడిట్ కార్యాలయం 2024లో తేల్చింది. దేశ ప్రయోజనం కోసమని మొదలైన విలీనంలో దేశపు ఆస్తి చౌకగా పరులపాలైంది. అమ్మితీరాలన్న గడువు ముందే అందరికీ తెలిస్తే కొనేవాడు ధర ఎందుకు పెంచుతాడు?

---

ధర్మకాటా

మీ చివరి ప్రశ్నకు నా దగ్గర సిద్ధమైన జవాబు లేదు, అది నిజమైన చిక్కు. కానీ పోలండ్‌లో ప్రజాప్రయోజనాన్ని పరీక్షించిన చట్టమంటూ లేదు కదా. ప్రభుత్వం దాన్ని నినాదంగా వాడింది, కమిషన్ పోటీని మాత్రమే చూసింది. ప్రశ్నలు వేసి, సాక్ష్యాలు రాయించి, కారణాలతో తీర్పు చెప్పే ట్రిబ్యునల్ ముందు ఈ మాట నిలబడిందా లేదా అన్నది వేరే పరీక్ష. రహస్యంగా జరిగితే మీ భయం నిజమే.

మరో ఉదాహరణ. భారతదేశంలో చమురు, గ్యాస్ రంగంలోని కేంద్ర ప్రభుత్వ సంస్థల విలీనాలకు 2017 నవంబరులో అయిదేళ్లపాటు పోటీ కమిషన్ పరిశీలన నుంచి మినహాయింపు ఇచ్చారు. 2018 జనవరిలో హెచ్‌పీసీఎల్‌లో 51.11 శాతం వాటాను ఓఎన్‌జీసీ రూ. 36,915 కోట్లకు కొన్నది. ఇద్దరి యజమానీ ప్రభుత్వమే కాబట్టి పోటీ తగ్గదు అన్నది వాదన. అది నిజమే కావచ్చు. కానీ ఆ మాటను బహిరంగంగా పరీక్షించే అవకాశమే లేకుండా పోయింది. నాకు అభ్యంతరం అక్కడ.

---

మైలురాయి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక్కటి మిగిలింది. షరతు పెట్టాక దాన్ని ఎవరు చూస్తారు?

---

గ్యాంట్రీ

చాలాచోట్ల ఎవరూ చూడరు. చూసిన సందర్భం ఒకటి చెబుతాను. అమెరికాలో కూష్-టార్డ్, క్రాస్‌అమెరికా సంస్థలు మినెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో పది బంకులను 2018 జూన్‌లోపు అమ్మాలి. గడువు దాటించారు. 2020లో 35 లక్షల డాలర్ల జరిమానా కట్టారు. పది బంకులకే అంత కట్టించారంటే అడిగేవాడు ఉన్నాడని అర్థం.

ఉద్యోగాల షరతు ఇంకా కష్టం. "మూడేళ్లు ఎవరినీ తీసేయము" అని రాస్తారు. మూడేళ్లు నిండిన మర్నాడే ఉత్తరాలు వస్తాయి. రిఫైనరీ నడపాలన్న షరతు అంతకన్నా కష్టం. డర్బన్‌లోని ఎంజెన్ రిఫైనరీ 2020 డిసెంబరు మంటల తర్వాత మళ్లీ శుద్ధి మొదలుపెట్టలేదు, నిల్వ టెర్మినల్‌గా మారింది. పక్కనే ఉన్న సాప్రెఫ్ రిఫైనరీని 2022లో ఆపేశారు. అలాంటి చోట సరుకు ఓడల్లో రావాలి. ఓడ ఆగే జెట్టీ, దింపుకునే ట్యాంకులు ఎవరివన్నది అప్పుడు ఇంకా పెద్ద ప్రశ్న అవుతుంది.

నన్ను అడిగితే ఒకే షరతు గట్టిగా పెట్టమంటాను. టెర్మినల్‌లో ఖాళీ ఎంత ఉందో, ఎవరు అడిగారు, ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇవ్వలేదు అన్నది నెలనెలా బయటపెట్టాలి. లోడింగ్ లెక్క ఎలాగూ కంప్యూటర్‌లో నిమిషాలతో సహా నమోదవుతుంది. కొత్తగా రాయాల్సిందేమీ లేదు, చూపించాల్సిందే.

---

బంకు డైరీ

గ్యాంట్రీ గారూ, వాళ్ల లెక్క వాళ్లు చూపించకపోయినా నా లెక్క నా దగ్గర ఉంది. పదకొండేళ్లుగా ట్యాంకరు వచ్చిన తేదీ, వేళ, ముందురోజు ఇండెంటు (సరుకుకు ఆర్డరు) పెట్టిన వేళ రిజిస్టరులో రాస్తున్నాను. విలీనానికి ముందూ వెనకా అన్నీ ఉన్నాయి. మా సంఘంలో మరో పదిమంది దగ్గరా ఇలాంటివి ఉంటాయి. షరతుల అమలుపై అభ్యంతరాలు పంపవచ్చని తెలిసింది. ఇది సాక్ష్యంగా పనికొస్తుందా?

---

ధర్మకాటా

తప్పకుండా పనికొస్తుంది. ఒక్కరి రిజిస్టరు ఫిర్యాదు అవుతుంది, పదిమందివి కలిస్తే సరళి అవుతుంది. అసలు పుస్తకాలు ఎవరికీ ఇవ్వకండి, ప్రతులు తీయించండి. సరుకు లేక పంపులు మూసిన రోజులు విడిగా గుర్తు పెట్టండి. అదేరోజు కంపెనీ సొంత బంకుకు బండి వెళ్లినట్టు ఏ చిన్న ఆధారమున్నా జతచేయండి.

---

లెక్కల మాస్టారు

పేర్లు తీసేసి ప్రతులు నాకు పంపండి. ఇండెంటుకూ బండి రాకకూ మధ్య గంటలను నెలలవారీగా పట్టిక కట్టిస్తాను. ఈ సూచిక ఇప్పటిదాకా ఎవరూ కట్టలేదు, మనం కడదాం.

---

బంకు డైరీ

సరే మాస్టారూ. మొదటి నాలుగేళ్లవి ఈ రాత్రి ఫొటోలు తీస్తాను. కొన్ని పేజీలకు డీజిల్ మరకలున్నాయి, అంకెలు కనిపిస్తాయి.